పెన్ను చూసుకునే కాయితం

ఆదివారం మధ్యాహ్నం గడియారం సెంటర్ల
ఖాజా మియా జిరాక్స్ దుకాణం షట్టర్ సగం దించుతడు.
వంగి లోపలికి దూరేటోళ్లం నలుగురం.

జానయ్య దేవరకొండ బస్సు కండక్టర్.
టికెట్ రోలు వెనక చెవులే గీస్తడు.
పోగులున్నయి, బీడీ చెక్కుకున్నయి,
ఒకటైతే ఎవరిమీదనో అలిగిన చెవి.

ఎస్తేరమ్మ పెద్దాసుపత్రి నర్సు.
పారేసిన ఈసీజీ పట్టీ తెస్తది.
ఎగిసిపడే ఆ గీతనే ఇంకింత పొడుగుజేసి
లతీఫ్ సాబ్ గుట్ట మెట్లల్ల దించుతది.
"ఈయన బతికిండా?" అంటే
"ఇంటికి వోయిండు తియ్, గుట్ట చూడు" అంటది.

నావి కుక్కలు.
కరెంటు మీటర్లు రాసుకుంట తిరిగేటోణ్ణి,
కరిచినయి నల్లపెన్నుతో, కరవనియి పెన్సిలుతో.
మొన్న ఇంటర్ చదివే రవళిక చూసి
"అన్నా, దీని తోక అబద్ధం" అన్నది.
నిజమే. భయంలో తోకెవడు చూసిండు?

మియా ఏం గీయడు. చాయ్ పోస్తడు.
ఇయ్యాల మాత్రం కౌంటర్ కిందికెళ్లి
దారంతో కుట్టిన కట్టొకటి తీసిండు:
కొనే ముందు పెన్ను రాస్తదో లేదో జూసుకునే కాయితాలు.
పన్నెండేండ్లయి.

సున్నలు, సంతకాలు, ఎవరిదో సగం పేరు.
ఒకచోట ఎవరో చేప గీసి పోయిన్రు.
ఇంకెవరో ఎర్రసిరాతో దానికి కన్ను వెట్టిన్రు.
మూడో మనిషి కింద నీళ్లు పోసిండు.
ముగ్గురూ ఒకర్నొకరు ఎరుగరు.

చాయ్ మీద మీగడ కట్టింది.
జానయ్య చెవి గోక్కున్నడు.
"పెన్నులు కొన్నరా మరి?" అని నేనడిగితే
"నీళ్లు పోసినోడు కొనలే,
గీకి గీకి సిరా ఒడగొట్టిండు" అన్నడు మియా,
ఆ పుట మీద పడ్డ చక్కెర పలుకును
గోటితో మెల్లగ తీసుకుంట.