నాలుగో టేకు

అసీల్‌మెట్ట వెనక సందులో, టైలరు షాపు పైన,
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన గదిలో
నేను రాక్షసిని.
పిల్లల బొమ్మల సీరియల్లో పద్దెనిమిది జీవాలకి
నాదే తెలుగు గొంతు.

ఇవాళ నలభై ఒకటో భాగం.
కొండ తవ్వితే దొరికిన రాతిపన్ను
కుర్రాడొకడు జేబులో వేసుకొచ్చి ప్రయోగశాలలో ఇస్తాడు.
తెల్లకోటు ముసలాయన మీట నొక్కుతాడు,
గాజు గొట్టంలో పచ్చనీళ్ళు మరుగుతాయి,
ఎన్ని లక్షల ఏళ్ళ కిందటో పోయిన సొర
రెండు ప్రకటనల మధ్య
తిరిగి పుడుతుంది.

దాని పేరు రంపూ. దాని మాటా రంపూ.
ఆకలేసినా రంపూ, అలిగినా రంపూ.
"పుట్టిన అరుపు కావాలి మేడమ్,"
అద్దం అవతల్నించి హేమసుందర్.
మొదటి టేకు పసిపిల్ల ఏడుపైంది.
రెండోది మేకపిల్ల.
మూడోది విని టీ తెచ్చిన కుర్రాడు నవ్వాడు.
నాకొకటే అనుమానం.
పెట్టినవాళ్ళు లేక, పిలిచినవాళ్ళు లేక,
గాజులోంచి లేచీ లేవగానే
తన పేరు తనకెట్లా తెలుసు?
స్క్రిప్టులో ఉన్నది ఒకటే ముక్క:
అరుపు, మూడు సెకన్లు.

మర్నాడు పెదజాలారిపేట వెళ్ళాను.
మైలపల్లి కొర్లయ్య ఇంటి గుమ్మం మీద
పసుపు రాసిన రంపం ఒకటుంది, నిజమైన రంపపు సొరది.
రెండు మూరల మూతి, అటూ ఇటూ పళ్ళు,
ఎడమపక్క మూడోది లేదు.
వాళ్ళ నాన్న వలలో పడ్డదట.
ఆ తర్వాత ఆ పేటలో ఎవరి వలలోనూ పడలేదట.
"తాతా, అది ఎట్లా అరిచేది?"

ఆయన వల కుట్టే చెయ్యి ఆపలేదు.
"సేప అరవడవేటే అమ్మీ.
అరిసింది వల.
ఆ రంపం అటోపాలి ఇటోపాలి ఇసిరితే
తాళ్ళు తెగిన సప్పుడు... పర్రుమని...
మా అయ్య సచ్చేదాకా నిద్దట్లో ఉలిక్కిపడీవోడు."
కాసేపాగి, గుమ్మం పైకి చూసి,
"దీన్నుంచి గూడా తెప్పిస్తారేటి మీ వోళ్ళు?"
బొమ్మల్లోనే తాతా, అన్నాను.
"బొమ్మల్లోనే మేలు.
తెచ్చినోడు వొదిలే సోటు సూసుకోవాల గదా."
ఒడ్డున మోటారు పడవ ఒకటి
డీజిలు కక్కుతూ దగ్గుతోంది.

నాలుగో టేకులో నేను పుట్టలేదు, తెగాను.
పళ్ళ సందున గాలి లాగి, పాత తాడులా పిగిలి,
చివర్న మాత్రం రంపూ.
హేమసుందర్ హెడ్‌ఫోను తీసి చెవి రుద్దుకున్నాడు.
"ఓకే," అన్నాడు, మెల్లగా.
తెర మీద రంపూ కళ్ళు తెరిచింది.
అమ్మ కోసం చూడలేదు. అమ్మని ఎవరూ గీయలేదు.
కుర్రాడు డబ్బీ విసిరి దాన్ని పట్టాడు,
తరవాతి సీన్లో కుస్తీకి దింపాడు.

వెళ్ళబోతుంటే కాగితం ఒకటి చేతికిచ్చారు.
వచ్చే సీజన్‌కి నేను రానక్కర్లేదట.
దాచిన టేకుల్లోంచి కంప్యూటరే నన్ను తీస్తుందట,
ఎన్ని కావాలంటే అన్ని.
దానికి పదివేలు, ఒక్కసారే.
పైన టైపు చేసి ఉంది: బెహరా అరుంధతి.
అద్దె ఐదో తారీకు.
సంతకం పెట్టాను, కాస్త వంకరగా,
నాది కాదేమో అనిపించేట్టు.
ముసలాయన అడిగిందే నేనూ అడగాల్సింది.
అడగలేదు.

నెల దాటాక, మద్దిలపాలెం దగ్గర సిటీ బస్సులో,
రెండో తరగతి యూనిఫాం వేసుకున్న బుడతడు
చెల్లెలి జడ పట్టి లాగి అరిచాడు:
రంపూ!
ఊడిన ముందుపన్ను సందులోంచి గాలి పోయి
అరుపు సగంలో చిట్లింది.
నాది కాదది.
కొర్లయ్య వాళ్ళ నాన్న నిద్రలో విన్నదీ కాదు.
చెల్లెలు వీపు మీద ఒకటి వేసింది.
వాడు మళ్ళీ అరిచాడు,
ఈసారి ఇంకోలా.