తోడు పెట్టని పెరుగు

సీసా వచ్చేది ఆదివారం,
పొగలు కక్కే మంచులో.
తేనెరంగు ద్రవం.
పుట్టని దూడ గుండెలోంచి తీసిన నెత్తురు,
ఎరుపంతా వడకట్టగా మిగిలింది.
పదకొండేళ్లుగా దాన్నే పోస్తున్నాను.
పళ్లెంలో ఏ కణాన్ని నిలబెట్టాలన్నా
పదోవంతు దూడ.

ఒక్కో లాటు ఒక్కో రకం.
మార్చిలో వచ్చినదానికి కణాలు పొంగిపోయాయి,
జూన్‌లో వచ్చినదానికి మొహం చాటేశాయి.
ఏముంది అందులో అంటే
అన్నీ ఉన్నాయనేవాళ్లే గానీ
అవేమిటో చెప్పినవాళ్లు లేరు.

"ఏముందో తెలియనిది
ఈ పిల్లాడి ఎముకల్లోకి ఎలా ఎక్కిస్తాం?"
అంది డాక్టర్ జువైనా
అబాయా మీద తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ.
ఆ పిల్లాడు అజ్జాన్. తొమ్మిదేళ్లు.
నిజ్వా నుంచి మస్కట్‌కి వస్తాడు.
వాడి ఎర్రకణాలు కొడవళ్లు.
నొప్పి లేచిన రోజు మోకాళ్లు పట్టుకుని
ఎవరినీ పిలవడు,
గోడమీది పలకలు లెక్కపెడతాడు.

అందుకని దూడను మానేశాం.
అల్బుమిన్ ఇంత, ఇన్సులిన్ ఇంత,
ఇనుము మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్ ఇంత,
ఉండు, ఉండు అని కణాన్ని బతిమాలే
మూడు ప్రోటీన్లు, నానోగ్రాముల్లో.
ప్రతిదానికీ పేరుంది, తూకముంది, బిల్లుంది.
కాన్పుగదిలో పారబోయబోయిన గిన్నెలోంచి,
తల్లి సంతకంతో తెచ్చుకున్న
బొడ్డుతాడు నెత్తుట్లో ఏరిన మూలకణాలను
ఆ నీళ్లలో వదిలాం.

మొదటి పళ్లెం నాలుగో రోజుకి మసక.
రెండోదాంట్లో బూజు. తప్పు నాదే, చెప్పేశాను.
మూడోది విరగబడి పెరిగింది.
జువైనా ఖర్జూరాలు పంచింది.
రంగులద్ది యంత్రంలో చూస్తే
ఒక్కటీ మూలకణం కాదు.
అన్నీ ఏదో ఒకటి అయిపోయాయి,
ఇక మరొకటి కాలేనంతగా.
పెరగడం తేలికే.
పెరుగుతూ, ఇంకా ఏమీ కాకుండా ఉండడం
ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాసిలేదు.

గల్ఫులో బతికే మాలాంటివాళ్లతో
దీన్ని పోల్చబుద్ధవుతుంది, తెలుసు.
వద్దు. కణానికి వీసా లేదు.
నాకు గుర్తొచ్చింది పాలు.

రువీలో మొదటి నెల.
ఒక గదిలో ఐదుగురం, ఒక గిన్నె.
జీతం రాలేదు. పాలున్నాయి, తోడు లేదు.
పార్వతీపురం సన్యాసమ్మ
నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు తుంచి
గోరువెచ్చని పాలల్లో వేసి మూత పెట్టింది.
తోడు లేకుండా తోడుకుంటుందా అని నవ్వాం.
"తొడిమంటే కాయకి బొడ్డే గదేటి,
తెల్లారి సూడండి" అంది.
తెల్లారి చూస్తే తోడుకుంది.
పలచగా, జీళ్లుజీళ్లుగా,
నాలిక చివర కొంచెం మంటగా.
తల్లి లేని పెరుగు అని పేరు పెట్టింది.
ఆ మాటకి ఎందుకో ఎవరమూ నవ్వలేదు.

నాలుగోసారి తొందర తగ్గించాం.
ఆక్సిజన్‌ను ఐదు శాతానికి దించాం,
ఎముక లోపలి చీకటికి అలవాటైనంత.
బయట నలభై ఏడు డిగ్రీలు,
పెట్టెలో ముప్ఫై ఏడు.
కరెంటు రెప్ప కొట్టినప్పుడల్లా
నా కాళ్లు నాకంటే ముందు పరిగెత్తాయి.

పద్నాలుగో రోజుకి తక్కువే పెరిగాయి.
అయితే వెయ్యిలో అరవై మూడు
ఇంకా ఏమీ కానివి.
వాటిలో కొన్నిటిని జిగురులో నాటి
మరో రెండు వారాలు ఆగితే
పళ్లెం అంచున ఒకచోట
ఆవగింజలో సగం ఎరుపు.

ఈసారి ఖర్జూరాలు లేవు.
"మళ్లీ లెక్కపెట్టు" అంది జువైనా.
లెక్కపెట్టాను. అరవై మూడే.
అజ్జాన్‌కి చెప్పడానికి ఇంకా ఏమీ లేదు.
ముందు ఎలుకలున్నాయి, కమిటీలున్నాయి,
వాడు పొడుగవడానికి సరిపడా ఏళ్లున్నాయి.
మెట్ల దగ్గర కనబడితే
పలకలెన్నని అడిగాను.
రెండు వందల పద్దెనిమిది, ఒకటి పగిలింది అన్నాడు.

రిజిస్టర్లో
సీరం లాటు నంబరు అన్న గడిలో
మొదటిసారి అడ్డగీత గీశాను.

ఇంట్లో ఫ్రిజ్ నిండా తోడుంది ఇప్పుడు.
అయినా రాత్రి పాలు కాచి
మిరపకాయల డబ్బా దింపాను.