రెండోసారి చెప్పు

మా అవ్వ మొక్కుకొని పెట్టిన పేరు తిక్కస్వామి.
ఆదోనిలో ఈ పేరుకు ఎవరూ నవ్వరు,
వీధికొకడుంటాడు.
నాకు మాత్రం ముప్పైరెండో ఏట,
ఏఎస్సై అయిన సంవత్సరమే,
పేరు ఒంటికి పట్టింది.

నెలకో మంగళవారం
కర్నూలు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ.
రాత్రికి ఒక తెల్ల మాత్ర, సగం పచ్చది.
చేతులు కొంచెం వణుకుతాయి, నోరెండుతుంది,
గొంతు మాత్రం పూర్తిగా పోలేదు.
నాది కాదు, లోపల మాట్లాడేదాని గొంతు.
రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే ఆడమనిషిలా ఉంటుంది,
తొందరపడదు, తప్పు ఒప్పుకోదు.

గిడ్డయ్యను పత్తి కుప్పలో చూసినాం.
జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా.
కనురెప్పల మీద, మీసంలో, తెరిచిన నోట్లో
దూది.
తల వెనక ఎముక లోపలికి పోయింది.
ఏ తడినైనా తాగే పత్తి
ఒక్క చుక్క కూడా తాగలేదు.

"గేటు కాడ పండుకునే పిచ్చోడుండాడే,
వాడే. రాసెయ్," అన్యాడు సీఐ
టీ గ్లాసు ఊదుకుంటా.
వాడే, అనింది లోపలి గొంతు కూడా,
ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి, అన్నంత ధీమాగా.
ఇద్దరూ ఒకే మాట మీదుంటే
నాకు భయమేస్తుంది.

వాని పేరు బజారి. సంకలో పాత చెప్పుల మూట.
నన్ను కాదు, నా పక్కనున్న ఖాళీని చూసి
దండం పెట్టినాడు.
నేనూ అటు తిరిగి చూసినా, ఒక్క క్షణం.

నా పనితనం ఏమీ లేదు.
నా చెవుల్ని నేను నమ్మను, అంతే.
ప్రతి మనిషినీ రెండోసారి చెప్పమంటా,
పక్కన కానిస్టేబుల్ ఖాదర్‌వలి తల ఊపితేనే
నోటుబుక్కులో రాస్తా.
తెలివైనోళ్లు ఒకసారి విని పట్టేసుకుంటారు.
నేను పట్టుకున్నదాన్నే మళ్లీ తడుముతా,
కరెంటు పోయిన చీకట్లో మంచం కోడు వెతికినట్టు.

మూడో రాత్రి, సూపర్‌వైజర్ శరణప్ప గది.
ఖాదర్ బీడీకని బయటికి పోయినాడు.
మిషన్లు ఆగినాయి.
శరణప్ప లెడ్జరు మూస్తా, తల ఎత్తకుండా,
"నేనే కొట్టినా స్వామీ. తూకాల సంగతి
రైతులకు చెప్తానన్యాడు," అన్యాడు.

అన్యాడా?

ఫ్యాను తిరుగుతాంది.
"రెండోసారి చెప్పు," అన్యా.
ఆయన నన్ను చూసి, జాలిగా, చిన్నగా నవ్వి,
"ఏం వినబడింది సార్ మీకు?
మాత్ర ఏసుకున్యారా?"

ఊరికి తెలుసు.
మంగళవారం బస్సులో నా పక్కన కూర్చున్నోళ్లు
చానామంది.

ఇంటికి పోతే నాగరత్న
మాత్ర అరచేతిలో పెట్టి, మింగిందాకా నిలబడి,
"వాళ్లు విన్యారు, వీళ్లు విన్యారు!
ఆ మిల్లులో చెవుల్లేనిది ఒక్కటీ లేదా?"
అని విసుక్కొని లైటార్పింది.

లారీకాటా ఉంది.
బండి ఎక్కి ఆగితే చాలు, తనకు తానే రాసుకుంటుంది.
శరణప్ప ట్రాక్టరు, రాత్రి పదకొండూ నలభై.
రైతుబండి కాదు, పత్తి దిగలేదు.
వచ్చినప్పుడు ఖాళీ. పోయినప్పుడు ఖాళీ.
రెండు ఖాళీలకూ మధ్య
అరవై కేజీల తేడా.
ఆ కాటా పదికి లోపల పలకదు.
పోస్టుమార్టం కాగితంలో గిడ్డయ్య
యాభైఎనిమిది.

ముప్పై ఏండ్లు తూచిన మనిషి కదా,
కాటా ఎక్కినాక
బండి ఆపకుండా పోలేకపోయినాడు.

"ఖాదర్, చదువు," అన్యా.
చదివినాడు.
"మళ్లీ చదువు."

శరణప్పను జీపెక్కించేటప్పుడు
లోపల ప్రకటన వచ్చింది: వీడు కాదు.
సర్లే, అనుకున్యా.
గేటు కాడ బజారి లేచి నిలబడి
నా పక్కనున్న ఖాళీకి మళ్లీ దండం పెట్టినాడు.
అక్కడెవరన్నా ఉన్నారా అని
ఈసారి ఖాదర్‌ను అడగలేదు.
కొంచెం జరిగి చోటిచ్చినా.