నాలుగుసార్లు పిలిచి

కంచరపాలెం పాలిటెక్నిక్, మూడో ల్యాబు.
కిటికీ అవతల గూడ్సుబండి
ఇనుప ఖనిజం మోసుకుని పోర్టు వైపు,
ఎంతకీ అయిపోదు.
బోర్డు మీద "నెట్‌వర్క్ అనగానేమి?"
ఆ దుమ్ముకి అప్పుడే ఎర్రబడుతోంది.

నిర్వచనం అడిగితే అప్పజెబుతారు.
పరీక్షకి చాలు, నాకే చాలదు.
అందుకని బండిని చూపించాను:
చూడండర్రా, కొండ కొండలా రాదు.
పెట్టెకింత చొప్పున వస్తుంది, పెట్టెకో నంబరు.
మీరు పంపే ఫొటో కూడా ముక్కలయ్యే వెళుతుంది.
కాకపోతే ఆ పెట్టెలకి ఇంజను లేదు,
ఒకదానికొకటి కొక్కెం లేదు.
ఒకటి ఎన్ఏడీ మీదుగా, ఒకటి గాజువాక చుట్టూ తిరిగి,
వెనక బయల్దేరింది ముందొచ్చి కూర్చుంటుంది.
నంబరు చూసి వరస పెట్టుకోవడం
అందుకున్నవాడి పని.

"దారిలో ఒకటి పడిపోతేనండీ?" నూకరత్నం.
"పదిహేడు రాలేదు, మళ్ళీ పంపు" అంటాడు.
సిగ్గుపడడు.
మీరూ సిగ్గుపడకండి, అందనిది మళ్ళీ అడగండి అన్నాను.
ఎవరూ అడగలేదు.

తర్వాత చిరునామా.
మాధవధారలో మా ఇంటి నంబరు
అడ్డగీతలతో కలిపి పదకొండు అక్షరాలు,
నాకే గుర్తుండదు.
ఇడ్లీల సూరమ్మ ఎదురిల్లు అంటే
ఏ ఆటో అయినా దింపేస్తుంది.
పేరు మనకి, అంకె యంత్రానికి.
పేరు చెబితే అంకె చెప్పేవాడొకడు
సందు మొదట్లో కూర్చుంటాడు, డీఎన్ఎస్ అని.
తనకి తెలియకపోతే పైవాణ్ణి అడిగి చెబుతాడు.
"సూరమ్మ కొట్టెత్తేస్తేనండీ?"
పేరు చెరిగిపోతుంది, ఇల్లెక్కడికీ పోదు.
అంకె తెలిసినవాడు నేరుగా వచ్చేస్తాడు.

మధ్యాహ్నం కేబుళ్ళు.
తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం,
తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ.
ఇదొక్కటీ బట్టీ పట్టండి, తప్పులేదు.

మైలపల్లి ఎల్లాజీ పంటితో తొక్క ఒలిచి
తీగలు దూర్చి, నొక్కి,
పక్క కంప్యూటరుకి పింగ్ కొట్టాడు.
మూరెడు దూరం.
పింగంటే "ఉన్నావా?" అనడం.
"ఉన్నాను" అనాలి అవతలివాడు.

గడువు దాటింది.
గడువు దాటింది.
గడువు దాటింది.
గడువు దాటింది.

"నాలుగేనా సార్?" అన్నాడు ఎల్లాజీ.
"తుపాను నాడు మా అయ్య బోటుకి
సెట్టులో ఎన్నిసార్లు పిలిసినారో లెక్కలేదు.
ఒకలు మాటాడి ఓవర్ అనాల,
అప్పుడే రెండోవోలు నోరిప్పాల.
ఇద్దరూ ఒకేపాలి మాటాడితే గీమని మోత,
ఎవల మాటా ఎవలికీ ఇనపడదు."

హాఫ్ డూప్లెక్సు, కొలిజను:
వచ్చే వారం పాఠం,
నా నోట్సులో నాలుగు పేజీలు.
వాడు స్టూలు మీద కాళ్ళూపుకుంటూ చెప్పేశాడు.

"జవాబొచ్చిందా?" అన్నాను, కాస్త ఆగి.
"మూడోనాడు. పారాదీప్ కాడ ఉన్నారట.
సూటిగా కాదు సార్,
మూడు బోట్లు ఒకటికొకటి అందిస్తే వచ్చింది."

నేనేమీ అనలేదు.
వాడి కేబులు తీసి వెలుతురుకి పట్టాను.
నీలమూ ఆకుపచ్చా తారుమారు.
కొస కత్తిరించి మళ్ళీ చేశాడు, ఈసారి పళ్ళు వాడకుండా.
సాకెట్టు పక్కన ఆవగింజంత దీపం వెలిగింది.
జవాబు, ఒక మిల్లీసెకను లోపే.

"దీన్లో ఓవర్ అననక్కర్లేదా?"
అక్కర్లేదు. పోయే తీగలు వేరు, వచ్చేవి వేరు.
"అదృష్టమే" అన్నాడు, ఎవరిదో చెప్పలేదు.

గూడ్సు ఇంకా పోతూనే ఉంది.
బెల్లు కొట్టారు, బల్లలు కదిలాయి,
డస్టరు చేతిలోకి తీసుకున్నాను.
వెనక బెంచీలోంచి నూకరత్నం:
"సార్, పదిహేడు రాలేదు."