టేపు నల్లబడే దాక

పొద్దుగాల ఎనిమిదికి
దేవరకొండ దవాఖానల పండ్ల గది తాళం నేనే తీస్త.
కుర్చీ పక్క సన్న పైపుల
రాత్రంత నిలిచిన నీళ్లను రెండు నిమిషాలు వట్టిగనే ఇడుస్త.
వరుసల ముందు కూసున్న ముసలాయన ఊకోలే:
"నీళ్లకు కొట్లాడిన జిల్లల పుట్టి
నీళ్లు పారబోస్తున్నవా బిడ్డా?"
నిలిచిన నీళ్లకు పాచి పడ్తది తాతా,
నీ కండ్లకు కనవడది,
నీ చిగురుకు కనవడ్తది.

పండ్లు పీకిన పట్టకారుకు
కీలు కాడ నెత్తురు దాక్కుంటది.
మూసి ఉన్నప్పుడు అది బంగారం అసుంటిది,
నోరు దెరిపిస్తెనే అసలు సంగతి.
మందం గ్లౌజులు తొడిగి
నీళ్లల్ల ముంచే బురుసు కొడ్త,
ఒక్క చుక్క ఎగిరి మొకం మీద పడొద్దు.

ఆటోక్లేవ్‌ల నల్లా నీళ్లు పొయ్యొద్దు.
మా నీళ్ల సంగతి మాకెరుకే.
నేను నవ్వితె చూడు,
తుప్పు పట్టిన గొళ్లెం లెక్క గోధుమ గీతలు.
గా నీళ్లే మిషను కడుపుల
సున్నం పెచ్చులు కడ్తయట.
అందుకే దానికి డబ్బాలల్ల
హైదరాబాదు నుంచి శుద్ధి నీళ్లు.
కొత్తల దాన్ని చూసి కుళ్లుకున్న,
మా అమ్మ మోకాళ్లకు ఒక్క డబ్బా దొరకలే ఆ కాలంల.

ఇగ ఆ శనివారం.
ఉన్న మూడు సెట్లు పదకొండుకే అయిపోయినయి.
నాలుగోది మిషన్ల ఉన్నది,
పదమూడో నిమిషంల కరెంటు పోయింది.
ముల్లు కిందికి జారుతుంటె చూస్కుంట నిలబడ్డ.
రైసుమిల్లు మేనేజరు చెంప పట్టుకొని ఉరికొచ్చిండు:
"ఏడి నీళ్లల్ల ముంచి తియ్యరాదు?
మా నాయినకు అంగట్ల గట్లనే పీకిండ్రు, సచ్చిండా?"
ప్యాకెట్ తీసి టేపు చూపిచ్చిన,
గీతలు ఇంక పాలిపోయే ఉన్నయి.
ఇది నల్లగయ్యే దాక
నేను చేతికియ్య సారూ.
నుస్రత్ మేడం గోలీ ఇచ్చింది, మారు మాట్లాడలే.
ఆయన ఎవరికో ఫోను చేసిండు.
వాళ్లు ఇంకెవరికో చేసిండ్రు.
నా ఉద్యోగం కాంట్రాక్టుది,
గది యాదికొచ్చి కాళ్లు జర వణికినయి.

నిరుడు కార్తీకంల
సూదికి రెండు చేతులతోటి మూత పెట్టబోయి
బొటనవేలుకు గుచ్చుకుంది.
ఎవరి నోట్లకెళ్లొచ్చిన సూదో చిట్టీల ఉన్నది,
ఆ నోట్ల ఏమున్నదో లేదు.
ఆర్నెల్లల్ల మూడు సార్లు నెత్తురు తీసిండ్రు.
ఇంట్ల చెప్పలే.
చిన్నోని గోర్లు తియ్యమంటె
నాయిన తోని తీపిచ్చుకో పో అన్న.
ఎందుకు ఎడంగ పండుతున్నవని మొగడు అడిగితె
వీపు నొస్తుందన్న.
ఏం లేదని కాయితం వచ్చిన నాడు
బస్టాండ్ల కూసొని రెండు చాయలు తాగిన.
రెండోది ఎవరి పేరు మీదనో తెల్వది.

రెండున్నరకు కరెంటొచ్చింది.
పదమూడు నిమిషాలు లెక్కలకు రావు,
మల్ల మొదటి నుంచే.
ఆవిరి బుస్సుమన్నంక, తడి ఆరినంక,
గీతలు కాటుక దిద్దినట్టు నల్లగయ్యి వచ్చినయి.
పన్ను ఒక్క గుంజుకు ఊడింది.
ఆయన దూది కరిచి పట్టుకొని
నా దిక్కు చూడకుంటనే పోయిండు.
పసుపు సంచిల ఎయ్యబోతు ఆ పన్ను చూసిన:
దాని మీద గూడ
మా ఊరి గోధుమ గీతలే.

రిజిస్టర్ల రాసిన:
కరెంటు పోయింది. మల్ల పెట్టిన. టేపు నల్లగైంది.
కింద సంతకం, జంగమ్మ,
మ కింద మ వత్తు
జర గట్టిగ దిద్దిన.