కిరోసిన్ పద్దు

నా నవలలో ఆ రాత్రికి వెన్నెల కావాలి,
రేవు మెట్ల మీద, ముద్దుకు సరిపడా.
వాతావరణం పుస్తకంలో చూస్తే
మబ్బు, దుమ్ముగాలి, మూడుసార్లు సైరన్.

మాల్టాలో ఈ రికార్డుల గది ఒకప్పటి ఆస్పత్రి.
ఇప్పటికీ ఇక్కడ ఎవరైనా దగ్గితే
పక్క బల్ల వాళ్లు తలెత్తి జాలిగా చూస్తారు.
నజ్జరేను ఒక్కో అట్టపెట్టెనీ
పసిబిడ్డను దించినట్టు దించుతాడు.
"ఇందులో ప్రేమలేం లేవమ్మా," అంటాడు,
"కిరోసిన్ పద్దులు."

ఇరవై రెండు రోజులుగా అవే చదువుతున్నాను.
ఏ వీధికి ఎన్ని సీసాలు, ఎవరు ఎంత బాకీ.
మొదటి అధ్యాయంలోనే నాయికకు పట్టు గౌను కుట్టించాను.
అది సూదికి దారం దొరకని ఏడాదని
నలభయ్యో పేజీ దాటాక తెలిసింది.
గౌను విప్పించి
కర్టెన్ గుడ్డ తొడిగాను.

సెంగ్లియాలో తొంభై ఆరేళ్ల ఫిలుమెనాను అడిగాను:
బాంబులప్పుడు ఆ సొరంగాల చీకట్లో
ప్రేమలు పుట్టేవా అని.
"ప్రేమలా? పేలు పుట్టేవి."
చాలాసేపు నవ్వింది. చెయ్యి తలమీదికి వెళ్లి
అక్కడే ఉండిపోయింది.

నిన్న, పద్దుల మధ్య నలిగి, ఒక అర్జీ.
సొరంగం పెద్దకు ఓ తల్లి రాసుకున్నది:
"అయ్యా, మా చెన్సు తన వంతు రొట్టె
ఎదురు బండ మీది జబెట్టాకు పెట్టేస్తున్నాడు.
నాలుగు వారాలుగా. వాడి మోకాళ్లు చూడండి.
దయచేసి ఆ పిల్ల పడకను
అవతలి కొసకు మార్పించండి."
అంచున వేరే చేతిరాత: మార్చడమైనది.

ఆ మాట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను
గది మూసే గంట కొట్టేదాకా.
రొట్టె ఆ కొసదాకా నడిచిందా?
నూట ఎనభై అడుగులు,
నిద్రపోతున్న కాళ్లన్నీ దాటుకుంటూ?

జూన్ తర్వాత చెన్సు పేరు లేదు.
కొట్టేసిన గీతైనా లేదు.
కింది పేరు పైకి జరిగింది, అంతే.

ఆ తల్లిని దుర్మార్గురాలిగా రాయబోయాను, చేతకాలేదు.
పేర్లు మార్చాను.
మోకాళ్లు మార్చలేదు.

మూడో అధ్యాయంలో ముద్దేదీ అని ఎడిటరు అడుగుతోంది.
నా చేతిలో రొట్టె ముక్క ఉంది.
ఒక్కో అడుగే రాస్తున్నాను,
ఇంకా పన్నెండో అడుగులోనే ఉన్నాను.
ఎవరి కాలో తొక్కాను.
ఓ ముసలాయన నిద్రలోనే తిట్టి
అటు తిరిగి పడుకున్నాడు.