నూట ఎనభై అయిదు ప్లస్ నేను

వొలొంగాంగ్‌లో సముద్రపు నీళ్ళకి టికెట్ లేదు.
రాళ్ళ మధ్య గోడకట్టి ఆపిన ఆ కొలనులో
పొద్దున ఆరింటికి ఎవరైనా దిగొచ్చు.
పద్నాలుగేళ్ళుగా దిగుతున్నాను
గోడవారగా, ఎవరి దారికీ అడ్డం రాకుండా,
నలభై ఒకటో ఏట నేర్చుకున్న ఈతతో.

అలాంటి నా దగ్గరికి
అట్టకి క్లిప్పు పెట్టిన కాయితం పట్టుకుని గ్లెనిస్ వచ్చింది.
పెద్దవాళ్ళ ఈత సంఘం. ఏడాదికి నూట నలభై డాలర్లు.
"ఊరికే వచ్చే నీళ్ళకి
నూట నలభై ఎందుకు?" అన్నాను.
"నీళ్ళకి కాదు" అంది, అంతే అంది,
టోపీ చెవులమీదికి లాక్కుని దూకేసింది.
డెబ్భై నాలుగేళ్ళు. చప్పుడు కూడా కాలేదు.

నేను లెక్కల మనిషిని.
ఆసుపత్రి వంటగదిలో మూడొందల ట్రేలు,
ఎవరికి ఉప్పు కూడదో, ఎవరికి పాలు పడవో
పొల్లుపోకుండా సర్దేదాన్ని.
నూట నలభై అంటే
ఈత కళ్ళద్దాలు నాలుగు జతలు,
లేదా ఒడ్డు మీది కొట్లో ఇరవై ఎనిమిది కాఫీలు.
బదులుగా ఇచ్చేది బీమా అట, ఒక టోపీ.
టోపీ నా జుట్టుకి చాలదు.
పతకాలు నాకెందుకు?
మోకాలు అడిగింది కాబట్టి ఈదుతున్నాను.

అయినా చేరాను. ఎందుకంటే సరిగ్గా చెప్పలేను.
జూలైలో ఒక వారం కొలనులో నేనొక్కదాన్నే,
పద్నాలుగో రౌండు దగ్గర లెక్క తప్పింది
ఎప్పటిలాగే,
అడుగుదామంటే గట్టుమీద
ఒంటికాలి సీగల్ తప్ప ఎవరూ లేరు.

మొదటి బుధవారమే కోచ్ కుర్రాడు లాక్లన్
నా ఎడమచెయ్యి తప్పన్నాడు.
నీళ్ళని కోయాలట, నేను కొడుతున్నానట.
పద్నాలుగేళ్ళు ఆ తప్పు చేత్తోనే
హాయిగా అవతలి గోడ ముట్టుకున్నాను.
ఆరు వారాల్లో చెయ్యి బాగుపడింది.
ఆ ఆరు వారాలూ
ఊపిరికి తల తిప్పినప్పుడు
ఆకాశం ఏ రంగులో ఉందో గుర్తులేదు.
అదీ ఖర్చులో రాయండి.

ఇక రిలే సంగతి.
ఈ పోటీల్లో నలుగురి వయసులూ కూడతారు.
గ్లెనిస్ డెబ్భై నాలుగు, కోస్తాస్ అరవై ఎనిమిది,
బేకరీ నడిపే రెనాటా నలభై మూడు.
నూట ఎనభై అయిదు.
"రెండొందల నలభై అయితే పై తరగతిలో నిలబడొచ్చు.
ఇంకో యాభై అయిదు కావాలి" అంది గ్లెనిస్
నా వంక చూస్తూ,
సంతలో గుమ్మడికాయని చూసినట్టు.

నా యాభై అయిదుని
ఇన్నాళ్ళూ మోకాళ్ళ డాక్టరూ, జుట్టురంగు అమ్మే పిల్లా,
డ్యూటీలు వేసే సూపర్‌వైజరూ
తీసివేతల్లోనే వాడారు.
మొదటిసారి ఎవరో కూడికలో అడిగారు.
ఒక్క ఏడు తక్కువైనా పనికిరాకపోదును.

షెల్‌హార్బర్‌లో పోటీ. మూడో వంతు నాది.
నా ముందు కోస్తాస్ వస్తున్నాడు
సాయంత్రం ఇల్లు చేరే గేదెలా, తాపీగా, ఖాయంగా.
అతని చెయ్యి గోడకి తగలకముందే దూకేశాను.
జట్టు మొత్తాన్ని కొట్టేశారు.
కొడితే కొట్టారు. తువ్వాళ్ళు కప్పుకుని
రెనాటా తెచ్చిన కేకు చేత్తోనే తుంచుకు తిన్నాం.
కోస్తాస్ నా దూకుడికి ఒక పేరు పెట్టాడు,
అదిక్కడ రాయను.

చలికాలం దగ్గుతో రెండు బుధవారాలు వెళ్ళకపోతే
గుమ్మం ముందు సంచీడు నిమ్మకాయలు.
చీటీ లేదు. సంచి మాత్రం తడి.

ఇప్పటికీ బుధవారాలు లాక్లన్ చెప్పిన చెయ్యి.
ఆదివారాలు, ఎవరికీ చెప్పకుండా,
గోడవారన నా పాత చెయ్యి.

నిన్న కొత్తగా వస్తున్న ఒకామె
కళ్ళద్దాల్లో ఆవిరి తుడుచుకుంటూ అడిగింది:
"సరదాకి ఈదేవాళ్ళం కదా,
మనలాంటివాళ్ళకి ఆ సంఘం గిట్టుబాటేనా?"

జవాబు నోటిదాకా వచ్చింది.
ఈలోగా ఒక అల గోడ దాటి మీదపడింది.
నీళ్ళు నమిలాను.
ఉప్పగా ఉన్నాయి.